ఊపిరికొద్దీ

ఈ ఊళ్ళో వెంట్రుకలకేం కొదవ,
దానితోనే కొలిచి చెబుతాను:
ఒక్క వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు
నా మందు రేణువు.
అంతకంటే లావైతే గొంతులోనే కూలబడుతుంది.
మరీ సన్నమైతే
వచ్చిన ఊపిరితోనే తిరుగు బస్సెక్కుతుంది.

అంత సన్నటిది ఒంటరిగా కదల్లేదు,
తనలో తానే ముద్దకడుతుంది.
అందుకని ఓ పాలచక్కెర పలుకు
దాన్ని చంకనెత్తుకుంటుంది.
పీల్చిన విసురుకు బిడ్డ చంక దిగి
లోపలికి పరుగెత్తాలి,
తల్లి గొంతు దగ్గరే ఆగిపోవాలి.
నా ఉద్యోగమంతా
ఆ చెయ్యి విడిపించడమే.

అలిపిరి రోడ్డు, రెండో అంతస్తు, మూడేళ్ళు.
గొట్టం లోపలి మలుపును
అర మిల్లీమీటరు అటు, అర మిల్లీమీటరు ఇటు.
కార్తీకం వానలకు
డబ్బాలో ఉప్పులా గడ్డకట్టిన పొడిని
తిట్లతో కదిపిన రోజులున్నాయి.
పంపు మాత్రం ఏనాడూ మాట తప్పలేదు.
నిమిషానికి అరవై లీటర్లు,
దగ్గదు, ఆయాసపడదు,
దానికి బీడీ అలవాటు లేదు.

అప్పుడొచ్చాడు దొరసామి.
కుప్పం పక్క గ్రానైట్ ఫ్యాక్టరీలో
ముప్పైరెండేళ్ళు పాలిష్ పట్టినాయన.
ఆసుపత్రి చీటీ మీద ఆయన ఊపిరి: ఇరవై ఎనిమిది.
పంపులో సగం కూడా లేదు.

ఎక్స్‌రేని కిటికీకి ఆనించి చూశాను.
కొండ కనబడాల్సిన చోట
ఆవాలు చల్లినట్టు తెల్లటి చుక్కలు.
రాతిపొడి.
అదే కొలత, సరిగ్గా నా రేణువు కొలత.
ఏ గొట్టమూ ఏ డ్రాయింగూ లేకుండా
ఎవరి చంకా ఎక్కకుండా
నేను మూడేళ్ళుగా వెతుకుతున్న చివరి గదికి
అది నడిచివెళ్ళి కాపురం పెట్టేసింది.

"పొడి తినే ఇట్లయితి, మళ్ళా పొడేనా?" అన్నాడు.
"ఇందులో మందు లేదు. ఉత్త చక్కెరే. పరీక్షకు."
"అయితే కాఫీలో ఏసుకోవచ్చా?"
నవ్వబోయి దగ్గాడు.
ఆ దగ్గు ఆగేదాకా
గోడ మీద గడియారం చూస్తూ నిలబడ్డాను.

పరికరం చేతికిచ్చాను.
వెలుతురుకు పట్టి అటూఇటూ తిప్పి
పెదాల దగ్గర పెట్టుకుని
ఉఫ్‌మని ఊదాడు.
పొడంతా చెమ్మ.
"ఊదకూడదు, పీల్చాలి."
కొత్త గుళిక. మళ్ళీ ఉఫ్.
నాలుగోసారికి ఆయనకే సిగ్గేసింది.
"ఏం చేసేది అమ్మణ్ణీ,
రాయి మింద దుమ్ము ఊదకుండా
మెరుపొచ్చిందో లేదో ఎట్ల తెలిసేది?
నోరు దానికే మరిగిపొయ్యింది."

పంపు ఏనాడూ ఊదలేదు.
అందుకే నాకు తెలియలేదు.

ఆ రాత్రి గీసిన గీతల్లో సగం కొట్టేశాను.
ఊదితే మూసుకుని, పీలిస్తే తెరుచుకునే
ఓ రబ్బరు రెప్ప.
గుళిక తిరిగే గది ఇంకాస్త ఇరుకు,
బక్క ఊపిరికి కూడా సుడి లేచేలా.
ఏ ప్రమాణం ప్రకారం మార్చావని ప్రొఫెసర్ అడిగారు.
పిండికొద్దీ రొట్టె అంటాం కద సార్,
ఇది ఊపిరికొద్దీ మందు, అన్నాను.
ఆయన నవ్వలేదు.
రూపాయి నలభై పెరుగుతుంది, రాసుకో, అన్నారు.

ఎండలు ముదిరాక దొరసామి మళ్ళీ వచ్చాడు.
ముందు ఉఫ్. రెప్ప పడింది.
తర్వాత పీల్చాడు.
లోపల గుళిక
అగ్గిపెట్టెలో వేసిన తుమ్మెదలా గుర్రుమంది.
ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.
మూత తీసి, గుళిక ఖాళీ డొల్లను
ఇద్దరం ఒకే వెలుతురుకు పట్టి చూశాం.
మూడో వంతు ఇంకా అంటుకునే ఉంది.

బొటనవేలితో దాన్ని తడిమి,
రాయిని చూసే చూపుతోనే చూసి
దొరసామి అన్నాడు:
"ఇంగా రెండు పట్లు పట్టాల."